రెయిడ్ 5లో రెండు డిస్కులు పోయాయి, పెళ్లిళ్ల డేటా అంతా అందులోనే. ఏం చేయాలి?

గాజువాక కెమెరా:

అందరికీ నమస్కారం. విశాఖ గాజువాకలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, రుషికొండ, భీమిలి వైపు ప్రీవెడ్డింగ్ షూట్లు, ఇదే పని. డేటా అంతా ఒక పాత అసెంబుల్డ్ పీసీలో పెడతాను. ఉబుంటు, 4 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్ 5 (నాలుగూ కలిసి ఒకే డిస్కులా నడుస్తాయి, ఒకటి పోయినా డేటా పోదు), వాడుకోవడానికి 12 టీబీ, అందులో 7 దాకా నిండిపోయింది. మూడేళ్ల కిందట తెలిసిన కుర్రాడు సెట్ చేసి ఇచ్చాడు, అతనిప్పుడు ఊళ్లో లేడు, ఫోన్ ఎత్తడం లేదు.

శనివారం సాయంత్రం సింహాచలం పెళ్లి తాలూకు కెమెరా మెమరీ కార్డులు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోయింది. పది నిమిషాలు చూసి, ఇక లాభం లేదని పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను. మళ్లీ ఆన్ చేస్తే ఎండీ జీరో, అంటే ఆ నాలుగు డిస్కుల జట్టు (అర్రే), రాలేదు. రెండు డ్రైవులే దొరికాయి, అర్రే మొదలుపెట్టడానికి సరిపోవు అంటోంది. కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి ఆ పెళ్లి బతికింది. మిగతావి, ముఖ్యంగా ఈ వైశాఖంలో చేసిన పదకొండు పెళ్లిళ్లు, ఇంకా ఒక్క ఆల్బమ్ కూడా ఇవ్వలేదు.

నేను చేసింది ఒక్కటే, స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కలు) చూశాను. ఆ నాలుగు డిస్కుల్లో ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ బాగానే ఉన్నాయి. ఎస్‌డీఈలో కరెంట్ పెండింగ్ సెక్టార్ (డిస్కు చదవలేకపోతున్న ముక్కలు) దగ్గర 24 అని ఉంది. అంటే పోయింది ఎస్‌డీఈ ఒక్కటే కదా, బాగున్న మూడింటితో రెయిడ్ 5 నడవాలి కదా, మరి ఎందుకు నడవడం లేదు? ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే నాలుగు డిస్కులూ ఇచ్చేసి వెళ్లమన్నారు, గ్యారంటీ మాత్రం లేదట. చెప్పిన రేటు వింటే కొత్త కెమెరా వస్తుంది. నిన్నటి నుంచి కాళ్లూ చేతులూ ఆడడం లేదు, కాస్త దారి చూపించండి.

ఎంవీపీ టెకీ:

బ్రో టెన్షన్ పడకు, ఇది చాలా మామూలు. బాగున్న మూడు డిస్కులూ, నాలుగోదాని చోట మిస్సింగ్ అని పెట్టి ఎండీఏడీఎం (లైనక్స్‌లో రెయిడ్ నడిపే కమాండ్)తో క్రియేట్ కొట్టు, అస్యూమ్ క్లీన్ ఆప్షన్ (డిస్కుల్లో ఉన్నది సరిగ్గానే ఉందనుకో అని చెప్పడం) మర్చిపోకు. పాత డేటా మీద కొత్త అర్రే లేచి కూర్చుంటుంది. కిందటేడు మా ఆఫీసులో ఇలాగే చేశాను, ఐదు నిమిషాల పని.

సీతమ్మధార సర్వర్:

తమ్ముడూ, ముందు కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసెయ్. క్రియేట్ అనేది ఆఖరి మందు, మొదటిది కాదు. క్రియేట్ కొట్టగానే ప్రతి డిస్కు మొదట్లో ఉన్న సూపర్‌బ్లాక్ (అర్రే వివరాలు రాసి ఉండే చోటు) కొత్తదైపోతుంది, పాత ఆధారాలన్నీ చెరిగిపోతాయి. డిస్కుల వరుస ఒక్కటి తప్పినా, డేటా ఆఫ్‌సెట్ (డిస్కులో డేటా మొదలయ్యే చోటు) పాతదీ కొత్తదీ కలవకపోయినా లోపల అంతా చెత్తే కనిపిస్తుంది. ఆ ఆఫ్‌సెట్ డిఫాల్ట్ ఎండీఏడీఎం వెర్షన్ వెర్షన్‌కీ మారుతూ వచ్చింది, మూడేళ్ల కిందటి ఉబుంటులో ఉన్నదే ఇప్పుడూ ఉంటుందని నమ్మకం లేదు. పొరపాటున అస్యూమ్ క్లీన్ మర్చిపోయి నాలుగు డిస్కులూ ఇచ్చావంటే రీసింక్ (డిస్కులని ఒకదానితో ఒకటి సరిచేసే పని) మొదలై డిస్కు మీద రాసుకుంటూ పోతుంది, ఇక ద్వారకానగర్ కాదు కదా ఎక్కడికెళ్లినా రాదు. ఎంవీపీ గురూ, మీకు కుదిరింది సంతోషం, కానీ ఈవెంట్ కౌంట్ (అర్రేలో మార్పులతో పాటు పెరుగుతూ పోయే లెక్క) చూడకుండా వేరేవాళ్లకి ఈ సలహా ఇవ్వకండి.

ఇంకో రెండు ముక్కలు. ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ రిపేరు కమాండ్) అసలు నడపకు, వంకరగా కూర్చున్న అర్రే మీద అది నడిపితే బాగున్న ఫైళ్లని కూడా బాగుచేస్తాననుకుంటూ చెడగొడుతుంది. బూట్ చేసినప్పుడల్లా ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అక్షరాలు మారిపోవచ్చు, అందుకని డిస్కు మీద ఉన్న సీరియల్ నంబరు మాస్కింగ్ టేప్ మీద రాసి అతికించు, ఇక ఆ నంబరుతోనే మాట్లాడుకుందాం.

ఇప్పుడు నాలుగు డిస్కుల మీదా ఎండీఏడీఎం ఎగ్జామిన్ కొట్టి ఇక్కడ పెట్టు. అది చదవడమే, ఏమీ రాయదు. నాకు కావాల్సింది ఈవెంట్స్, అప్‌డేట్ టైమ్, డివైస్ రోల్, డేటా ఆఫ్‌సెట్. స్మార్ట్‌లో 199వ నంబరు, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ (డిస్కుకీ బోర్డుకీ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క), అది కూడా.

గాజువాక కెమెరా:

అన్నా థాంక్స్. నాలుగింట్లోనూ డేటా ఆఫ్‌సెట్ ఒకటే, చంక్ (ఒక్కో డిస్కు మీద ఒక్కో విడత రాసే ముక్క) 512కే. ఈవెంట్స్ ఎస్‌డీబీ 48213, ఎస్‌డీడీ 48213, ఎస్‌డీఈ 48197, ఈ మూడింటికీ శనివారం సాయంత్రం టైమే ఉంది. ఎస్‌డీసీ మాత్రం 31406, దాని అప్‌డేట్ టైమ్ నవంబరు 3 రాత్రి!! సీఆర్‌సీ మిగతావాటికి సున్నా, ఎస్‌డీసీకి 1700 పైనే. ఇదేంటి?

సీతమ్మధార సర్వర్:

అనుకున్నదే. ఎస్‌డీసీ శనివారం పోలేదు తమ్ముడూ, నవంబరులోనే పోయింది. ఆరు నెలల నుంచి నువ్వు మూడు డిస్కుల మీదే బండి నడుపుతున్నావు. డిస్కు పోయిందని ఎండీఏడీఎం రూట్ యూజర్‌కి మెయిల్ పంపే ఉంటుంది, మెయిల్ సెట్ చేయని మెషీన్‌లో అది ఎవరికీ చేరదు. శనివారం ఎస్‌డీఈ కూడా తప్పుకునేసరికి రెండే మిగిలాయి, అర్రే ఆగింది.

సీఆర్‌సీ అంత ఉండి, పెండింగ్, రీఅలొకేటెడ్ (పాడై మార్చేసిన సెక్టార్లు) సున్నా ఉంటే సాధారణంగా తప్పు డిస్కుది కాదు, సాటా కేబుల్‌ది. నవంబరు మొదట్లో క్యాబినెట్ ఏమైనా తెరిచావా?

ఇప్పుడు అసలు విషయం. నీకు పాస్ అని కనిపిస్తున్న ఎస్‌డీసీ ఒంట్లో బాగానే ఉంది, కానీ దానికి నవంబరు తర్వాత జరిగిందేమీ తెలియదు. జబ్బు చేసిన ఎస్‌డీఈ దగ్గరే తాజా డేటా ఉంది, మిగతా రెండింటికీ దానికీ తేడా 16 ఈవెంట్లే. నువ్వు అనుకున్నట్టు ఎస్‌డీఈని పక్కన పెట్టి ఎస్‌డీసీని కలిపి ఉంటే, అర్రే లేచేది, ఫోల్డర్లు కూడా కొన్ని కనిపించేవి, కానీ నవంబరు తర్వాత రాసిన ప్రతి చోటా పాత ముక్క, కొత్త ముక్క కలిసి ఖిచిడీ అయ్యేది. నీ వైశాఖం పెళ్లిళ్లన్నీ ఆ ఖిచిడీలోనే. బతికించుకోవాల్సింది ఎస్‌డీఈని.

కాబట్టి 4 టీబీకి తగ్గని కొత్త డిస్కు ఒకటి కొను. డేటా బయటికి తీసుకోవడానికి 8 టీబీది ఇంకొకటి కొనడమో, ఎవరినైనా అడగడమో చూసుకో. ఎస్‌డీఈని యూఎస్‌బీ డాక్‌లో పెట్టకు, నేరుగా మదర్‌బోర్డు సాటాకే పెట్టు. చెడ్డ డిస్కుల నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూతో మొత్తం కాపీ తీయి. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, ముందున్న జీ మర్చిపోతే దొరకదు. మొదటి విడతలో నో స్క్రేప్ ఆప్షన్ పెట్టు, అది బాగున్నదంతా గబగబా లాగేసి చెడ్డ చోట్లని వదిలేస్తుంది. రెండో విడతలో డైరెక్ట్ ఆప్షన్, మూడు రీట్రైలు పెట్టి ఆ మిగిలిన చోట్ల మీదకి వెళ్లు. రెండు సార్లూ ఒకే మ్యాప్ ఫైల్ (ఏ చోటు వచ్చిందో ఏది రాలేదో రాసుకునేది) ఇవ్వాలి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన దగ్గర నుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైల్ ఎస్ఎస్‌డీలో పెట్టుకో. సోర్స్ ఏదో డెస్టినేషన్ ఏదో సీరియల్ నంబరు చూసి రెండు సార్లు చదువుకుని అప్పుడు ఎంటర్ కొట్టు, తిరగేసి కొట్టి ఖాళీ డిస్కుని డేటా మీదకి కాపీ చేసుకున్న మహానుభావులని నేను చూశాను. సెకనుకి 150 ఎంబీ వచ్చినా 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది, జబ్బు డిస్కు కాబట్టి ఇంకా ఎక్కువే అనుకో. కూర్చుని చూస్తూ ఉండొద్దు, పడుకో.

కాపీ అయ్యాక పాత ఎస్‌డీఈని తప్పనిసరిగా పీకేయాలి. రెండింటికీ ఒకే సూపర్‌బ్లాక్, ఒకే యూయూఐడీ (గుర్తింపు నంబరు) ఉంటాయి, రెండూ కలిపి పెడితే అసలేదో నకలేదో ఎండీకి (లైనక్స్ రెయిడ్‌కి) తెలియదు.

డాబాగార్డెన్స్ స్పేర్‌పార్ట్స్:

సర్వర్ అన్న చెప్పిందంతా కరెక్టే. ఒక్క మాట. ఎస్‌డీఈ టిక్ టిక్ మని శబ్దం చేస్తోందా? చేస్తుంటే ఇవన్నీ ఆపి ల్యాబ్‌కే ఇచ్చేయండి, హెడ్ పాడైన డిస్కుని ఎంత తిప్పితే అంత గీసుకుపోతుంది. శబ్దం లేదంటే క్యాబినెట్ మూత తీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి కాపీ మొదలుపెట్టండి, మన మే నెల ఉక్కలో అంతసేపు ఆపకుండా తిరిగితే డిస్కు బాగా వేడెక్కుతుంది. కేబుళ్లు నాలుగూ మార్చేయండి, పాతవి దాచుకోకుండా చెత్తబుట్టలో వేయండి. సముద్రం దగ్గర ఊరు, కనెక్టర్ కాళ్లు పచ్చబడి ఉండటం నేను రోజూ చూస్తుంటాను.

గాజువాక కెమెరా:

శబ్దం లేదు అన్నా. క్యాబినెట్ సంగతి అడిగారు కదా, దీపావళి ముందు తెరిచి దుమ్ము దులిపాను, బ్లోయర్ పెట్టి మరీ. అప్పుడే ఆ కేబుల్ కదిలి ఉంటుంది, శుభ్రం చేసి మరీ చేతులారా చెడగొట్టుకున్నాను. డిస్కులు తెచ్చాను, రాత్రి 9కి కాపీ మొదలుపెట్టా.

(మరుసటి రోజు) మొదటి విడత పూర్తయ్యేసరికి మధ్యాహ్నం 1 అయింది. 99.99 శాతం వచ్చింది. రెండో విడత అయ్యాక మూడు చోట్ల మాత్రమే రాలేదు, మొత్తం 12,288 బైట్లు. ఇంకో పది రీట్రైలు ఇచ్చినా కదల్లేదు. 7 టీబీలో 12 కేబీ పోతే పోయింది అనుకోవచ్చా?

సీతమ్మధార సర్వర్:

చాలా బాగా వచ్చింది. పెండింగ్ 24 అన్నావు, అవి 512 బైట్ల లెక్క. 24 ఇంటూ 512 అంటే సరిగ్గా 12,288. లోపల అసలు సెక్టార్ 4 కేబీది కాబట్టి పోయినవి మూడే సెక్టార్లు.

ఇప్పుడు అర్రే లేపడం. నేరుగా డిస్కుల మీద కాదు, ఓవర్‌లే మీద. ప్రతి డిస్కుకీ ఎస్ఎస్‌డీలో ఒక స్పార్స్ ఫైల్ (రాసినంత చోటే తినేది) చేసి, దాన్ని లూప్ డివైస్‌గా (ఫైల్‌నే డిస్కులా చూపించేలా) పెట్టి, డీఎంసెటప్‌లో స్నాప్‌షాట్ టార్గెట్‌తో డిస్కు మీద కప్పుతాం. చదివేది అసలు డిస్కు నుంచి, రాసేది ఏదైనా ఆ ఫైల్లోకి. తప్పు జరిగితే ఫైల్ చెరిపేసి మళ్లీ మొదలు, డిస్కుకి ఏమీ కాదు. లైనక్స్ రెయిడ్ వికీలో దీని స్క్రిప్ట్ మొత్తం ఉంది, అక్కడి నుంచే తీసుకో. నేను ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నాను, ఇది చూసి కమాండ్ కొట్టకు.

ఎస్‌డీబీ, ఎస్‌డీడీ, కొత్త కాపీ, ఈ మూడింటి ఓవర్‌లేలతో అసెంబుల్ ఫోర్స్ కొట్టు. ఆ 16 ఈవెంట్ల తేడాని ఫోర్స్ సర్దేస్తుంది. ఎస్‌డీసీని కలపకు. లేచాక ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే రీడ్ ఓన్లీ, నోలోడ్ ఆప్షన్లతో మౌంట్ చేయి, నోలోడ్ అంటే జర్నల్‌ని (చేయబోయే మార్పులు ముందుగా రాసుకునే చోటు) ముట్టుకోదు. ఫోల్డర్లు కనిపిస్తే ముందు వైశాఖం పెళ్లిళ్లు, తర్వాత మిగతావి బయటికి లాగు. శనివారం నాటి ఫైళ్లు కొన్ని వంకరగా ఉంటే కంగారు పడకు, ఓవర్‌లే మీదే ఉన్నాం కాబట్టి తర్వాత జర్నల్ కూడా ఆడించి చూడొచ్చు.

రుషికొండ నైట్‌షిఫ్ట్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, ఆ 12 కేబీని అంత తేలిగ్గా వదలొద్దు. నాలుగోది లేకుండా నడుస్తున్న రెయిడ్ 5లో ఒక సెక్టార్ పోతే దెబ్బ రెండు చోట్ల పడొచ్చు. ఎస్‌డీసీలో ఉండాల్సిన ముక్కని మిగతా మూడింటినీ ఎక్సార్ (బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1 ఇచ్చే లెక్క) చేసి పుట్టిస్తోంది కదా, ఆ మూడింట్లో ఒకటి సున్నాలైతే పుట్టేది కూడా తప్పే.

కానీ మీ దగ్గర ఎస్‌డీసీ ఉంది! దాన్ని అందరూ పాతదని పక్కన పెట్టేశారు, అర్రేలో కలపడానికి పనికిరాదు, నిజమే. కానీ ఆ మూడు చోట్లలో నవంబరు తర్వాత ఎవరూ ఏమీ రాయకపోతే, అక్కడ మాత్రం ఎస్‌డీసీ ఇప్పటికీ నిజమే చెబుతుంది. డేటా ఆఫ్‌సెట్ అన్నింటికీ ఒకటే అన్నారు, పార్టిషన్లు కూడా ఒకే సెక్టార్ దగ్గర మొదలైతే ఒకే స్థానంలో ఉన్న నాలుగు ముక్కలని ఎక్సార్ చేస్తే సున్నా రావాలి, రెయిడ్ 5 అంటేనే అది. అంటే పోయిన ముక్క మిగతా మూడు డిస్కుల్లో అదే స్థానంలో ఉన్నవాటి ఎక్సార్.

నవంబరు తర్వాత అక్కడ రాశారో లేదో ఎలా తెలుస్తుంది అంటారా, పక్కింటివాళ్లని అడగాలి. చెడ్డ సెక్టార్‌కి ముందూ వెనకా ఉన్న 4 కేబీ ముక్కలు, అదే చంక్‌లోవి, కాపీలో బాగానే ఉన్నాయి కదా. వాటిని నాలుగు డిస్కులకీ ఎక్సార్ చేయండి. వరుసగా సున్నా వస్తోంది అంటే ఆ చుట్టుపక్కల ఎవరూ ముట్టుకోలేదు, మధ్యలోది లెక్కకట్టి కాపీ డిస్కులో రాసేయొచ్చు. సున్నా రాలేదంటే అక్కడ కొత్తగా రాశారు, ఎస్‌డీసీ పనికిరాదు, వదిలేయండి. స్థానాలు డీడీరెస్క్యూ మ్యాప్ ఫైల్లో హెక్స్‌లో ఉంటాయి. పైథాన్‌లో ఇరవై లైన్లు, రాత్రి షిఫ్ట్‌లో ఖాళీగానే ఉంటాను, రాసి పంపుతాను. ఎస్‌డీసీకి కొత్త కేబుల్ పెట్టడం మాత్రం మర్చిపోకండి.

సీతమ్మధార సర్వర్:

ఇది నాకు తట్టలేదు, సభాముఖంగా ఒప్పుకుంటున్నాను. తమ్ముడూ, ముందు అర్రే లేపి డేటా మొత్తం ఒకసారి బయటికి తీసుకో, ఆ తర్వాతే ఈ సర్కస్. కాపీలో ఆ ముక్కలు రాశాక ఓవర్‌లేలు చెరిపి కొత్తవి చేసి మళ్లీ లేపాలి.

ఎంవీపీ టెకీ:

నేనిచ్చిన సలహాకి సారీ బ్రో. మా దాంట్లో అప్పుడు డిస్కులన్నీ ఒకేసారి ఆగాయి, ఈవెంట్లు అన్నీ సమానం, అందుకే కుదిరింది. అయినా ఒక డౌట్, పెండింగ్ సెక్టార్లు మూడే అయితే ఎండీ మొత్తం డిస్కుని ఎందుకు బయటికి తోసింది? రీడ్ ఎర్రర్ ఒక్కటే వస్తే తోయదు కదా.

సీతమ్మధార సర్వర్:

అన్నీ బాగున్న రోజుల్లో రీడ్ ఎర్రర్ వస్తే ఎండీ మిగతా డిస్కుల నుంచి లెక్కకట్టి మళ్లీ అక్కడే రాసేస్తుంది, పెండింగ్ కూడా పోతుంది. ఇక్కడ లెక్కకట్టడానికి నాలుగోది లేదు. పైగా నాకు అనుమానం ఇంకొకటి ఉంది. అవి డెస్క్‌టాప్ డిస్కులైతే చెడ్డ సెక్టార్ దొరికినప్పుడు రెండు నిమిషాలు కూడా కుస్తీ పడతాయి, లైనక్స్ కర్నల్ మాత్రం 30 సెకన్లే ఆగి లింకు రీసెట్ చేస్తుంది, డిస్కు అప్పటికీ పలకకపోతే పోయిందనుకుంటుంది. తమ్ముడు చెప్పిన కాపీ ఆగిపోవడం అలాగే ఉంది. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీఈఆర్‌సీ (చెడ్డ సెక్టార్‌తో డిస్కు ఎంతసేపు కుస్తీ పట్టాలో చెప్పే సెట్టింగు) చూడాలి, డిస్కు ఒప్పుకుంటే 70 పెట్టాలి, అంటే 7 సెకన్లు. ఒప్పుకోకపోతే కర్నల్ టైమ్‌అవుట్‌ని 180కి పెంచాలి. రెండూ రీబూట్ చేస్తే పోవచ్చు, బూట్ స్క్రిప్ట్‌లో పెట్టుకోవాలి.

గాజువాక కెమెరా:

మూడు రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించాలి, కాపీలతోనే సరిపోయింది. అర్రే లేచింది! ఫోర్స్ కొట్టి మౌంట్ చేసి ఫోల్డర్ల పేర్లు కనిపించగానే కుర్చీలోంచి లేచి బయటికొచ్చి టీ తాగి మళ్లీ వెళ్లి చూశాను, ఇంకా ఉన్నాయో లేదోనని. 7 టీబీ మొత్తం బయటికి వచ్చింది.

నైట్‌షిఫ్ట్ గారూ, మీ స్క్రిప్ట్ నడిపాను. మూడు చోట్లలో రెండింటి దగ్గర ఇరువైపులా సున్నాలే వచ్చాయి, ఆ రెండూ పూడ్చేశాను. మూడోదాని దగ్గర సున్నా రాలేదు, వదిలేశాను. దాని దెబ్బ ఎక్కడ పడిందో చూద్దామని నవంబరు తర్వాతి వీడియోలన్నీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌తో రాత్రంతా చదివించాను. ఒక్క ఫైల్లోనే ఎర్రర్, మీరు అన్నట్టే రెండు చోట్ల. పెందుర్తి పెళ్లి సంగీత్‌లో పెళ్లికొడుకు బావగారి డాన్స్ మధ్యలో రెప్పపాటు పచ్చ చారలు. వాళ్లకి ఫోన్ చేసి జరిగింది చెబితే, ఆ డాన్స్ మొత్తం పోయినా ఏమీ అనుకునేవాళ్లం కాదు అన్నారు.

ఎస్‌డీఈ తీసేశాను. కొత్తగా కట్టబోయేదాంట్లో మెయిల్ నా ఫోన్‌కి వచ్చేలా పెట్టమని తమ్ముడి వరసయ్యే ఒక అబ్బాయికి చెప్పాను, వచ్చే ఆదివారం వస్తానన్నాడు. 8 టీబీ డిస్కు ఇంట్లో బీరువాలో పెట్టాను. సర్వర్ అన్నా, రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా తట్టుకునేది) కట్టమంటారా, ఉన్న నాలుగు స్లాట్లకి అది దండగా?

సీతమ్మధార సర్వర్:

నాలుగు డిస్కుల రెయిడ్ 6 అంటే 8 టీబీనే మిగులుతుంది, నీకు 7 ఇప్పుడే నిండింది. ఆరు సాటా పోర్టులు ఉన్న బోర్డు అయితే ఐదో డిస్కు పెట్టి 6 కట్టు, లేదంటే 5 ఉంచుకుని ఆ బీరువా డిస్కుకి జత ఇంకొకటి కొని వారం వారం మార్చు. నేనైతే రెండోదే చేస్తాను. ఎండీఏడీఎం మెయిల్ పెట్టాక టెస్ట్ ఆప్షన్ ఒకసారి కొట్టించు, ఆ అబ్బాయి ముందే నీ ఫోన్ మోగాలి.